కిల్ట్ మేజోళ్ళు జారకుండా గార్టర్లు ఇంట్లోనే చవకగా ఎలా చేసుకోవాలి?

మీ ఇబ్బంది ఇదని అర్థమైంది: ఎడిన్‌బరోలో స్నేహితుడి పెళ్ళికి కిల్ట్ (స్కాట్లండు మగవాళ్ళు కట్టుకునే, మోకాళ్ళ దాకా వచ్చే గళ్ళ లంగా) కట్టుకోవాలి, కిల్ట్ ఎలాగో దొరికింది, ఉన్ని మేజోళ్ళు కొన్నారు, కానీ నాలుగడుగులు వేసేసరికి అవి చీలమండ మీదికి కుప్పకూలుతున్నాయి. ఒక్కరోజు కోసం గార్టర్లకు, అంటే మేజోళ్ళను పట్టి ఉంచే పట్టీలకు, మళ్ళీ డబ్బు పెట్టాలా అని అడుగుతున్నారు. అక్కర్లేదు. నేను గ్లాస్గోలో ఒక చిన్న పైప్ బ్యాండులో (బ్యాగ్‌పైపులు, డ్రమ్ములు వాయించే బృందంలో) డ్రమ్ వాయిస్తాను. ఇప్పటికి నాలుగు జతలు నా చేత్తో కుట్టుకున్నాను. మొదటి జత పూర్తిగా చెడగొట్టాను, కాబట్టి ఏది చేయకూడదో కూడా చెప్పగలను.

గార్టరులో రెండు వేర్వేరు పనులున్నాయి. మేజోడును పట్టి ఉంచేది లోపలి ఎలాస్టిక్ పట్టీ. మేజోడు పైఅంచు మడత కిందనుంచి తొంగిచూసే రంగుగుడ్డ ముక్కలు అలంకారం, వాటిని ఫ్లాషెస్ అంటారు. కొత్తగా చేసేవాళ్ళందరూ గుడ్డ మీదే శ్రద్ధంతా పెడతారు. నేనూ అంతే. టార్టాన్ (కిల్ట్‌కు వాడే రంగుగళ్ళ నేత) గళ్ళు సరిగ్గా కలవాలని ఒక సాయంత్రమంతా తంటాలుపడి, ఎలాస్టిక్ మాత్రం పాత పైజామా నడుములోంచి లాగి వేశాను. అది వేలెడు వెడల్పు కూడా లేదు. జారకూడదని బాగా బిగించాను. చిన్నప్పుడు బడిలో సైకిలు ట్యూబును ఉంగరాలుగా కోసి మేజోళ్ళకు వేసుకున్న తరానికి చెందినవాణ్ణి, కాళ్ళ మీద పడే ఎర్రటి గుర్తులు నాకు కొత్తేమీ కాదు. కానీ ఆ రోజు రెండు గంటల కవాతు తరువాత కుడి పాదం పైభాగం మొద్దుబారిపోయింది. మోకాలి కింద బయటివైపు తడిమితే ఒక ఎముక గుబ్బ తగులుతుంది. దాని మెడ చుట్టూ తిరిగి కిందికి వెళ్ళే నరం చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. సన్నటి పట్టీ సరిగ్గా అక్కడే నొక్కింది. అందుకే ఎలాస్టిక్ కనీసం 25 మిల్లీమీటర్ల వెడల్పుది తీసుకోండి. అదే బిగువు ఎక్కువ మేర పరుచుకుంటుంది కాబట్టి ఒక్కచోట కోసినట్టు ఉండదు. పట్టీ ఆ గుబ్బకూ దాని మెడకూ కూడా కిందుగా పడేలా చూసుకోండి.

కొలత ఎప్పుడూ మేజోడు తొడుక్కున్నాకే తీసుకోవాలి, ఉన్ని మందం కూడా లెక్కలోకి వస్తుంది. మోకాలిచిప్ప కింద మూడు నాలుగు వేళ్ళు వదిలితే, పిక్క ఉబ్బు మొదలయ్యే ముందు కాలు కాస్త సన్నబడుతుంది. పట్టీ ఉండవలసింది ఆ సన్నంలోనే. అక్కడ ఉంటే కింది ఉబ్బే దాన్ని ఆపుతుంది, పెద్దగా బిగించాల్సిన పని ఉండదు. నా కాలు అక్కడ 34 సెంటీమీటర్లు. ఎలాస్టిక్‌ను 31 సెంటీమీటర్లకు బిగిసేలా పెట్టుకున్నాను, ఒకదాని మీద ఒకటి రావడానికి ఇంకో 5 సెంటీమీటర్లు అదనంగా కత్తిరించాను. ఎవరి కాలి కొలతనైనా పదోవంతుకు మించి తగ్గించవద్దు. వేసుకున్నాక ఒక వేలు సులువుగా దూరాలి.

రెండు కొసలను కలపడానికి మొదట వెల్క్రో వాడాను. అది చవకే, కుట్టడమూ తేలికే, కాని దాని గరుకు వైపు ఏ కాస్త బయటపడినా ఉన్నిని పీకి మేజోడును నూలు నూలుగా చేస్తుంది. వెల్క్రోయే వాడదలిస్తే గరుకు ముక్క పొట్టిగా, మెత్తటి ముక్క పొడుగ్గా పెట్టండి. అప్పుడు గరుకుది ఎప్పుడూ పూర్తిగా కప్పుకుని ఉంటుంది. నేను మాత్రం ఇప్పుడు వెల్క్రో వాడటం లేదు. ఒక వేసవిలో మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చి మాతో ఉన్నారు. నా పనితనం చూసి, ‘రవికకు వేసే హుక్కులు లేవా బాబూ మీ దేశంలో?’ అన్నారు. ఒక కొసకు రెండు హుక్కులు, రెండో కొసకు దారంతో మూడు వరసల కాజాలు పది నిమిషాల్లో కుట్టి ఇచ్చారు. సాయంత్రానికి కాలు కాస్త ఉబ్బితే ఒక వరస వదులు చేసుకోవచ్చు. కొన్న గార్టర్లలో నాకు ఇంత సౌకర్యం కనిపించలేదు.

ఇక గుడ్డ. ఇక్కడ చాలా వీధుల్లో పాత వస్తువులు అమ్మే ధర్మదుకాణాలు ఉంటాయి. అక్కడ రెండు పౌండ్లకు దొరికిన ఉన్ని మఫ్లరు నాకు మూడు జతలకు వచ్చింది. ఏమీ దొరక్కపోతే ఎర్రటి ఫెల్టు గుడ్డ చాలు. దాని అంచులు దారాలు ఊడవు, మడిచి కుట్టే పనే లేదు. టార్టాన్ అయితే 9 సెంటీమీటర్ల వెడల్పున పట్టీ కోసి, లోపలి వైపు బయటికి వచ్చేలా మడిచి, అంచు కుట్టి, తిరగేసి ఇస్త్రీ చేస్తే 4 సెంటీమీటర్ల వెడల్పున్న తోక, అంటే వేలాడే ముక్క, వస్తుంది. పొడవు దగ్గర నేను నవ్వులపాలయ్యాను. చూడముచ్చటగా 9 సెంటీమీటర్ల తోకలు కుట్టుకుని వెళితే, మేజోడు మడత వాటిని దాదాపు మొత్తంగా మింగేసింది. ఆ సాయంత్రమంతా ఎవరికీ సరిగ్గా కనబడలేదు! మీ మేజోడు మడత ఎంతుందో ముందు కొలవండి. నాది 8 సెంటీమీటర్లు, దానికి ఇంకో 5 కలిపితేనే కింద అందంగా కనిపిస్తుంది. అంటే ఒక్కో తోక 13, రెండు తోకలకు కలిపి 26 సెంటీమీటర్ల పట్టీ, కుట్టుకు కాస్త అదనం. మధ్యకు కొంచెం వాలుగా మడిస్తే రెండు తోకలు విడివిడిగా, ఒకదాని పక్కనుంచి ఒకటి కనిపిస్తాయి. మడత లోపల ఎలాస్టిక్ దూరేంత సందు వదిలి కుట్టండి, ఎలాస్టిక్‌కు మాత్రం కుట్టవద్దు. అప్పుడు తోకలను అటూ ఇటూ జరుపుకోవచ్చు, ఉతకాల్సి వస్తే తీసేయవచ్చు. కొసలను పిట్టతోకలా లోపలికి కోణంగా కత్తిరిస్తారు. రిబ్బను వాడితే దారాలు ఊడకుండా అంచుకు రంగులేని గోళ్ళ రంగు పూయండి.

రంగు గురించి దిగులు పడకండి. కిల్ట్ టార్టాన్‌లో ఉన్న ఏదో ఒక రంగు తీసుకుంటే సరిపోతుంది. ఎరుపు, ముదురాకుపచ్చ ఎక్కువగా కనిపిస్తాయి.

ఎలాస్టిక్ అసలు వద్దనుకుంటే పాత పద్ధతి ఒకటుంది. రబ్బరు సాగు పట్టీలకు థామస్ హాన్‌కాక్ ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది 1820లో. అంతకుముందు హైలాండర్లు మేజోళ్ళను నేసిన పట్టీలతోనే కట్టుకునేవారు. మన నవారు మంచం పట్టీని బాగా సన్నం చేసినట్టు ఊహించుకోండి. మీటరు పైన పొడవున్న ఉన్ని పట్టీని కాలికి చుట్టి, టై ముడిలాంటి ముడి వేసి, కొసలు బయటివైపు వేలాడనిస్తారు. చూడటానికి నాకు ఇదే ఇష్టం. కానీ ముడి వేయడం అలవాటు లేకపోతే నాట్యం మధ్యలో ఊడుతుంది, పెళ్ళిలో కేలీ (అందరూ కలిసి ఆడే స్కాటిష్ నాట్యం) తప్పించుకోలేరు. కాబట్టి మీకు ఎలాస్టికే మేలు.

వేసుకునే క్రమం ఇలా: మేజోడు పూర్తిగా పైకి లాగి, పట్టీ పెట్టి, పైభాగాన్ని దాని మీదికి మడవండి. తోకలు కాలికి బయటివైపు, కాస్త ముందుకు ఉండాలి. కుడికాలు ఎడమకాలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉండాలి, అందుకే రెండో దాన్ని తిరగేసి మడవడం మరచిపోవద్దు. కుడి మేజోటిలో స్కియన్ డూ అనే చిన్న కత్తి దోపుకుంటే దాన్ని నిలబెట్టేదీ ఈ పట్టీయే. మీరు విమానంలో వస్తున్నారు కాబట్టి ఆ కత్తి చేతిసంచిలో కాకుండా లగేజీలో వేయండి. గార్టర్లను ఒక రోజు ముందే వేసుకుని ఇంట్లో గంటసేపు తిరగండి. కాలు తిమ్మిరెక్కితే హుక్కు ఒక వరస వెనక్కి పెట్టుకోండి.