సైట్ ఇంజినీరా, బిమ్ కోర్సా?

ప్రశ్న: మా అబ్బాయి సివిల్ పూర్తి చేశాడు. మురుగు, మంచినీటి పైపులైన్లు వేసే కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజినీరుగా చేరతానంటున్నాడు. ఆ ఎండా మట్టీ నీకెందుకు, బిమ్ (కట్టడాన్ని కంప్యూటర్లో త్రీడీ మోడల్‌గా తయారుచేసే పద్ధతి) కోర్సు చేసి ఆఫీసులో కూర్చోమంటే వినడం లేదు. రెండింటిలో ఏది మేలు?

జవాబు: మీ మాటల్లో రెండు భయాలు కనిపిస్తున్నాయి. ఒకటి, అబ్బాయికి ఏమైనా అవుతుందేమోనని. అది న్యాయమైనదే. రెండోది, నలుగురిలో ‘గోతుల పని’ అని చెప్పుకోవాల్సి వస్తుందని. ఆ రెండోదాన్ని అబ్బాయి నెత్తిన రుద్దకండి. ఇష్టపడి వెళ్తానంటున్నవాణ్ణి పరువు కోసం ఆపడం తప్పు.

బిమ్ పనికొచ్చే విద్యే. కానీ కందకం చూడనివాడు గీసిన మోడల్ మీద నాకు నమ్మకం తక్కువ. పాత రికార్డులో 1.2 మీటర్ల లోతున ఉన్న కేబుల్, ఆ తర్వాత రోడ్డు తవ్వి మట్టం మార్చి ఉంటే 0.6 దగ్గరే తగలొచ్చు. నేలలోని కేబుళ్లను పసిగట్టే లొకేటరుతో వెతికి, చేత్తో ట్రయల్ పిట్ (పరీక్ష గొయ్యి) తవ్వి కళ్లతో చూసేదాకా ఆ గీతను నమ్మకూడదు. తెర మీద రెండు పైపుల మధ్య 150 మిల్లీమీటర్ల ఖాళీ చక్కగా ఉంటుంది. ఆ సందులో మనిషి చెయ్యి దూర్చి జాయింటు వేయగలడా అన్నది సైట్ మీదే తెలుస్తుంది. రెండేళ్లు సైట్ చూశాక బిమ్ నేర్చుకుంటే ఆ మోడల్‌కు విలువ వస్తుంది.

చదువు వృథా అవుతుందన్న బెంగ అసలే వద్దు. మురుగు పైపు వాలు మీదే పారాలి. 1:200 వాలంటే మీటరుకు 5 మిల్లీమీటర్లే. 2.5 మీటర్ల పైపుల వరుసలో ఒక్క జాయింటు 30 మిల్లీమీటర్లు కుంగినా అక్కడ నీరు నిలిచి మడ్డి పేరుకుంటుంది. ఎందుకు కుంగుతుంది? ఎక్కువ లోతు తవ్వేసి వదులు మట్టితో పూడ్చినందుకు, లేదా కందకంలో నీళ్లు తోడకుండానే బెడ్డింగు (పైపు కింద పరిచే పొర) వేసినందుకు. పైపు పొట్ట కింద రెండు పక్కలా ఇసుక కూరకపోతే ప్లాస్టిక్ పైపు అణిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. 150 మిల్లీమీటర్ల పొరలుగా పోసి ఒక్కో పొరకూ దిమ్మిస కొట్టకపోతే వానలకు రోడ్డు దిగబడుతుంది. సాయిల్ మెకానిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్ అన్నీ ఇందులోనే ఉన్నాయి.

ఇక ప్రమాదం. క్యూబిక్ మీటరు మట్టి 1.5 టన్నులకు పైనే తూగుతుంది. ఛాతీ దాకా కప్పినా ఊపిరి ఆడదు. అందుకే 1.5 మీటర్లు దాటిన కందకానికి షోరింగో (పక్కలు కూలకుండా పెట్టే ఆనులు), ట్రెంచ్ బాక్సో (లోపల మనిషిని కాపాడే ఉక్కు పెట్టె) ఉండాలి, లేదంటే పక్కలు వాలుగా కోయాలి. తవ్విన మట్టి అంచున పోయకూడదు. పాత మాన్‌హోల్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. గ్యాస్ డిటెక్టరు లేకుండా ఎవరూ దిగకూడదు.

కాబట్టి చేరేముందు అబ్బాయిని ఇవి అడగమనండి: ట్రెంచ్ బాక్సులు, డిటెక్టర్లు సైట్‌లో ఉన్నాయా? వాన పడ్డాక కందకం చూసి దిగొచ్చని చెప్పేది ఎవరు? ప్రమాదమనిపిస్తే పని ఆపే అధికారం సైట్ ఇంజినీరుకు ఉందా? జవాబులు నీళ్లు నమిలినట్టుంటే ఇంకో కాంట్రాక్టరును చూసుకోవాలి, అంతేగానీ రంగం మారక్కర్లేదు. చేరాక ఆటో లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) తానే పట్టుకుని, ఆ కొలతల లెవెల్ బుక్ తానే రాయాలి. ఏడాది తిరిగినా బిల్లులు మాత్రమే రాయిస్తుంటే, అప్పుడు చోటు మారమని మీరే చెప్పండి.