ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత క్యాన్సర్ మళ్లీ వస్తుందో లేదో ముందే చెప్పే టెస్ట్ ఉందా?

తమ్ముడూ, మీ బాపుకు హైదరాబాద్‌లో క్యాన్సర్ వచ్చిన ప్రోస్టేట్ గ్రంథి తీసేశారు. తీసిన గ్రంథి బయాప్సీ రిపోర్ట్‌లో గ్లీసన్ (క్యాన్సర్ కణాలు ఎంత మొండిగా ఉన్నాయో చెప్పే స్కోర్) 4+3, మార్జిన్ (కోసిన అంచు) పాజిటివ్ అని ఉంది. ఆపరేషన్ తర్వాత మొదటి పీఎస్ఏ (ప్రోస్టేట్ రక్తపరీక్ష) 0.02 వచ్చింది. విదేశానికి శాంపిల్ పంపి జీన్ టెస్ట్ చేయిస్తే క్యాన్సర్ తిరిగి వస్తుందో రాదో తేలిపోతుందని చుట్టాలు అంటున్నారు. జగిత్యాలలో అప్పు తెచ్చయినా ఆ టెస్ట్ చేయించాలా అన్నది మీ ప్రశ్న.

నేను డాక్టర్‌ను కాదు. హనుమకొండలో ఉంటాను, ఇదే ఆపరేషన్ చేయించుకున్నవాడిని. నా మాట ఒకటే: ఆ అప్పు ఇప్పుడే చేయకండి. తిరిగి వస్తుందని గానీ రాదని గానీ ఖాయంగా చెప్పే టెస్ట్ ఏదీ లేదు. ఉన్నవన్నీ ఎంత అవకాశం ఉందో చెప్పేవే. అందులో ఎక్కువ సంగతి చెప్పేవి రెండూ ఇప్పటికే మీ దగ్గరున్నాయి.

మొదటిది ఆ బయాప్సీ రిపోర్ట్. 4+3 అన్నా 3+4 అన్నా మొత్తం 7 అవుతుంది కానీ రెండూ ఒకటి కాదు. ముందు ఉన్న అంకె ఎక్కువ భాగం కణాలు ఎట్లా ఉన్నాయో చెబుతుంది, అంకె పెద్దదైతే కణాలు అంత మొండివి, కాబట్టి 3+4 కన్నా 4+3 కొంచెం ప్రమాదమైనదే. మార్జిన్ పాజిటివ్ అంటే కోసిన అంచు దాకా క్యాన్సర్ కణాలు కనిపించాయని అర్థం. లోపల మిగిలిపోయిందని దానికి అర్థం కాదు. మార్జిన్ పాజిటివ్ ఉండి కూడా మళ్లీ రానివాళ్లు చాలామంది ఉన్నారు. రిపోర్ట్‌లో ఇంకో మూడు సంగతులు చూడండి: గ్రంథి పొర దాటి బయటికి వచ్చిందా, వీర్యకోశాల్లోకి వెళ్లిందా, లింఫ్ గ్రంథుల్లో ఉందా. వీటికి ఆపరేషన్ ముందు పీఎస్ఏ, గ్లీసన్, మార్జిన్ కలిపి డాక్టర్లు కాప్రా-ఎస్ అని 0 నుంచి 12 దాకా ఒక స్కోర్ లెక్కేస్తారు. దానికి పైసా ఖర్చు లేదు. ఈసారి వెళ్లినప్పుడు మీ బాపు స్కోర్ ఎంతో అడగండి.

రెండోది పీఎస్ఏ. ఇది ప్రోస్టేట్ కణాలు తయారు చేసే ప్రోటీన్. గ్రంథి మొత్తం తీసేశాక రక్తంలో అది ఉండకూడదు. ఉన్నది రెండు మూడు రోజులకోసారి సగం అవుతూ కొన్ని వారాల్లో దాదాపు సున్నాకు దిగుతుంది. 0.1 కన్నా తక్కువుంటే మంచి సంకేతమే, మీ 0.02 ఆ లెక్కలోదే. తర్వాత 0.2 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చి, రెండోసారి చేయించినా అట్లాగే ఉంటే అప్పుడు క్యాన్సర్ తిరిగి వచ్చినట్టు లెక్కలోకి తీసుకుంటారు. ఒక్క అంకె కన్నా అది పెరిగే వేగం ముఖ్యం. ఎన్ని నెలల్లో రెట్టింపవుతుందో చూస్తారు. ఏడాదిలోపే రెట్టింపవుతుంటే జాగ్రత్త పడాల్సిందే, ఏళ్లు పడుతుంటే అంత గాబరా అక్కర్లేదు.

అందుకే ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి. ఈసారి జగిత్యాలలో, వచ్చేసారి కరీంనగర్‌లో చేయిస్తే మెషిన్ల తేడానే పెరుగుదలలాగా కనిపించి ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. జుట్టుకనీ బలానికనీ వాడే బయోటిన్ మాత్రలు ఎక్కువ డోసులో ఉంటే కొన్ని మెషిన్లలో అంకె తప్పుగా తక్కువ చూపించవచ్చు. మీ బాపు వాడుతుంటే రక్తం ఇచ్చే ముందే డాక్టర్‌కు చెప్పండి.

నా సంగతి చెబుతాను. నాది 3+4, ఒకచోట మార్జిన్ పాజిటివ్. చాలాకాలం పీఎస్ఏ ఏమీ కనిపించలేదు. తర్వాత 0.06, 0.11, ఆపైన 0.2 దాటింది. అప్పుడు నాకూ మా వాళ్లు జీన్ టెస్ట్ సంగతే ఎత్తారు. నేను డాక్టర్‌ను సూటిగా ఒక్కటే అడిగాను: "సార్, దాంట్లో ఏం వచ్చినా మీరు చేసే వైద్యం మారుతుందా?" రేడియేషన్ ఎట్లాగూ ఇవ్వాల్సిందే, టెస్ట్ వల్ల అది మారదు అన్నారు. నేను చేయించుకోలేదు. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లి అక్కడే రూమ్ తీసుకుని రేడియేషన్ పూర్తి చేశాను. ఇప్పుడు పీఎస్ఏ మళ్లీ కిందికి దిగింది.

ఆ టెస్ట్ ఉత్తదని నేననడం లేదు. అట్లాంటి జీన్ టెస్టుల్లో డెసిఫర్ అనేది తీసిన గడ్డలోని 22 జీన్‌ల పనితీరు చూసి 0 నుంచి 1 మధ్య స్కోర్ ఇస్తుంది. 0.6 దాటితే క్యాన్సర్ ఒంట్లో వేరే చోటికి పాకే ప్రమాదం ఎక్కువని అర్థం. రిపోర్ట్ బాగా లేక, పీఎస్ఏ సున్నా దగ్గరే ఉండి, ఇప్పుడే రేడియేషన్ ఇవ్వాలా ఆగి చూడాలా, దాంతో హార్మోన్ ఇంజక్షన్లు కలపాలా అని డాక్టరే ఎటూ తేల్చుకోలేనప్పుడు అది పనికొస్తుంది. మీ బాపు డాక్టర్‌ను కూడా నేనడిగిన ప్రశ్నే అడగండి. మారుతుంది అంటే అప్పుడు ఆలోచించవచ్చు. ఆ గడ్డ ముక్కలను మైనం బ్లాకుల్లో పెట్టి పాథాలజీ ల్యాబ్‌లో దాచి ఉంచుతారు కాబట్టి తర్వాతైనా పంపవచ్చు. ఎన్నేళ్లు ఉంచుతారో మాత్రం ఇప్పుడే కనుక్కోండి.

ఆగితే చేయి దాటిపోతుందేమో అని మీకు భయం ఉంటుంది, నాకూ ఉండేది. ఆపరేషన్ అయిన వెంటనే అందరికీ రేడియేషన్ ఇవ్వడం మేలా, పీఎస్ఏ చూస్తూ పెరగడం మొదలవగానే ఇవ్వడం మేలా అని మూడు పెద్ద పరిశోధనలు జరిగాయి. 2020లో ఫలితాలు వచ్చాయి. వెంటనే ఇచ్చినందువల్ల అదనపు లాభం కనిపించలేదు, మూత్రం ఇబ్బందులు మాత్రం ఎక్కువయ్యాయి. కాకపోతే చూస్తూ ఉండటం అంటే నిజంగా చూడాలి. పీఎస్ఏ 0.5 దాటకముందే రేడియేషన్ మొదలైతే ఫలితం బాగుంటుంది. డాక్టర్ చెప్పిన తేదీకి, పొలం పనులున్నా పెళ్లిళ్లున్నా, రక్తం ఇప్పించండి.

మీ ఇంట్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లు ఉంటే బీఆర్‌సీఏ (వంశంలో వచ్చే జీన్ లోపం చూసే) రక్తపరీక్ష గురించి అడగండి. అది వేరే టెస్ట్, మీకూ మీ అక్కచెల్లెళ్లకూ సంబంధించింది.

చివర్లో, పీఎస్ఏ అంకె బాపుకు చెప్పకుండా దాచాలా అని కూడా అడిగారు. దాచకండి తమ్ముడూ. నా అంకె మా పిల్లలు ముందు నాకు చెప్పలేదు. వాళ్ల ముఖాలు చూసి నేను ఊహించుకున్నది అసలు అంకె కన్నా ఎంతో పెద్దది. ఒక నోట్‌బుక్ కొనివ్వండి, తేదీ, ల్యాబ్ పేరు, అంకె ఆయన చేతితోనే రాసుకోనివ్వండి.