రెండు రౌండ్లకే అలసిపోయానంటాడు, నమ్మాలా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్న రోజూ పొద్దున్నే గ్రౌండ్‌కి తీసుకెళ్లి తనతో పాటు పరిగెత్తిస్తున్నారు. వీడేమో రెండు రౌండ్లకే నా వల్ల కాదని కూర్చుండిపోతాడు, సాయంత్రం మాత్రం చీకటి పడేదాకా వీధిలో క్రికెట్ ఆడతాడు. బద్ధకమని ఆయన తిడుతున్నారు. పదికి ఎంత కష్టంగా ఉందిరా అంటే ఒకరోజు పది అంటాడు, ఒకరోజు రెండంటాడు. ఏది నమ్మాలి?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: పొద్దుటి అలసటా నిజమే, సాయంత్రం హుషారూ నిజమేనమ్మా. వీధి క్రికెట్‌లో బాల్ కోసం ఒక్క ఉరుకు ఉరుకుతాడు, తర్వాత నిలబడతాడు, మళ్లీ ఉరుకుతాడు. పిల్లల ఒంటికి సరిపోయే పద్ధతి అదే, మనకంటే చాలా త్వరగా తేరుకుంటారు కూడా. ఆగకుండా ఒకే వేగంతో, అదీ నాన్న వేగంతో రౌండ్లు కొట్టడం వేరు. నాన్న ఒక అంగ వేసే చోట వాడు రెండు వేయాలి, అదే వేగానికి బరువును బట్టి చూస్తే పెద్దవాళ్లకంటే ఎక్కువ ఆక్సిజన్ ఖర్చవుతుంది.

ఇక అంకెల సంగతి. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 1960ల్లో ఒంటికి ఎంత కష్టంగా ఉందో అంకెతో చెప్పడానికి 6 నుంచి 20 దాకా ఒక స్కేల్ తయారుచేశారు, అందులో మనిషి చెప్పిన అంకెను పదితో గుణిస్తే దాదాపుగా గుండె వేగం వస్తుందని లెక్క. పెద్దవాళ్లకు బాగానే పనికొచ్చింది కానీ చిన్నపిల్లలకు ఆ అంకెలు అర్థం కాలేదు. అందుకే తర్వాత పిల్లల కోసం 0 నుంచి 10 దాకా, గట్టు ఎక్కుతున్న పిల్లాడి బొమ్మలతో వేరే స్కేల్ తెచ్చారు. నా దగ్గరికి వచ్చిన ఏడేళ్ల పాపను సైకిల్ తొక్కించి పదికి ఎంత కష్టమని అడిగితే, టక్కున ‘పదికి పది’ అంది. స్కూల్లో పదికి పది అంటే మంచి మార్కు కదా! కాగితం మీద గట్టు గీసి నువ్వు ఎక్కడున్నావో చూపించమంటే మాత్రం సగంలో వేలు పెట్టింది.

మీరూ అలాగే గీయండి. ముందు ఊరికే కూర్చోబెట్టి ‘ఇది గట్టు కింద’ అని, ఇంకోసారి ఆయాసం వచ్చేదాకా పరుగెత్తాక ‘ఇది గట్టు పైన’ అని చెప్పండి. ఆ రెండు చివరలు ఒంటితో తెలిస్తేనే మధ్యలోవి చెప్పగలడు. అన్నీ అయిపోయి ఇంటికొచ్చాక కాకుండా పరుగు మధ్యలోనే అడగాలి. ఊపిరి ఎలా ఉంది, కాళ్లు ఎలా ఉన్నాయి అని విడివిడిగా అడిగితే ఇంకా మంచిది, వాళ్లు రెండింటినీ కలిపి ‘అలసిపోయా’ అనేస్తారు.

పరిగెత్తేటప్పుడు ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, పరుగు ఆపాక దగ్గు, పిల్లికూతలు, ముఖం పాలిపోయి ఉండటం, వీటిలో ఏది ఉన్నా వెంటనే పిల్లల డాక్టర్‌కి చూపించండి. ముఖ్యంగా పరుగులోనే స్పృహ తప్పితే అసలు ఆలస్యం చేయొద్దు.

అవేవీ లేకపోతే, బద్ధకం అన్న మాట ఆపేయమని వాళ్ల నాన్నకి గట్టిగా చెప్పండి. ఆ మాట పడ్డ పిల్లాడు రేపు నిజంగా నొప్పి వచ్చినా నోరు మెదపడు, నా భయమంతా అదే. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకి సగటున 60 నిమిషాలు కాస్త గట్టిగా ఒళ్లు కదిలే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఆ లెక్కలోకి వీధి క్రికెట్‌లో ఉరికినదీ వస్తుంది. పొద్దున ఒక చెట్టు దాకా పరుగు, అక్కడి నుంచి ఇంకో చెట్టు దాకా నడక పెట్టుకోమనండి, ఏ చెట్టో వాణ్నే చెప్పనివ్వండి.