తొమ్మిదేళ్ల లీజు, ఐదేళ్ల లాకిన్: షాపు అద్దెకు తీసుకునే ముందు

ప్రశ్న: చాలా ఏళ్లు ఉద్యోగం చేశాక సొంతంగా రెడీమేడ్ బట్టల షాపు పెట్టుకుందామనుకుంటున్నాను. చేతిలో 28 లక్షలున్నాయి. ఒక షాపు నచ్చింది. అద్దె నెలకు 60,000, అడ్వాన్సు ఆరు నెలలది. ఇంటీరియర్‌కి 12 లక్షలు, సరుకుకి 8 లక్షలు అనుకున్నాను. ఓనరు గారు తొమ్మిదేళ్లకు లీజు రాసిస్తామంటున్నారు. మొదటి ఐదేళ్లు నేను ఖాళీ చేయకూడదు. మూడేళ్లకోసారి అద్దె 15 శాతం పెరుగుతుంది. 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే చాలు, రిజిస్ట్రేషన్ దండగ ఖర్చు అంటున్నారు. బిల్డింగు మీద బ్యాంకు లోను ఉందని పక్క షాపాయన చెప్పారు. టోకెన్ కింద 50,000 ఇచ్చేశాను. డ్రాఫ్టు పంపుతున్నాను. సంతకం పెట్టొచ్చా?

జవాబు: ఈ డ్రాఫ్టు మీద ఇప్పుడున్నట్టుగా సంతకం పెట్టకండి. షాపు మంచిదే కావచ్చు, ఓనరు గారు మంచివారే కావచ్చు. కానీ కాగితం మీద ఉన్నది మీకు నష్టం చేసేదే. ఎక్కడెక్కడో చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. ఐదేళ్ల లాకిన్ (మధ్యలో ఖాళీ చేయకూడదన్న షరతు) అంటే మొదటి 36 నెలలు 60,000 చొప్పున 21.60 లక్షలు, ఆ తర్వాతి 24 నెలలు 69,000 చొప్పున 16.56 లక్షలు. మొత్తం 38.16 లక్షలు. మీ దగ్గరున్నది 28 లక్షలు. వ్యాపారం ఆడక ఏడాదిన్నరకే మూసేయాల్సి వచ్చిందనుకోండి, డ్రాఫ్టు ప్రకారం మిగిలిన 42 నెలల అద్దె, అంటే 27.36 లక్షలు, మీరు బాకీ. అప్పటికి ఇంటీరియర్ డబ్బు గోడల్లో ఉంటుంది, సరుకు సగం ధరకు కూడా పోదు. బ్యాంకు దగ్గర 38 లక్షల అప్పు తీసుకోవాలంటే ఎవరైనా పదిసార్లు ఆలోచిస్తారు. అంతే బరువున్న లీజు మీద మాత్రం అద్దె కాగితమేగా అని సంతకం చేసేస్తారు. నా దగ్గరకు వచ్చే చిన్న వ్యాపారుల్లో ఇది చాలా తరచుగా చూస్తాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

కోర్టుకు వెళ్తే మొత్తం అద్దె కట్టాల్సిందే అంటారా? అలా ఏం లేదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. 2015లో కైలాశ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి వివరంగా చెప్పింది. వేరే అద్దెదారు రెండు నెలల్లో దొరికితే ఓనరుకు జరిగిన నష్టం 42 నెలలది కాదు కదా. కానీ ఈ వాదన మీద ధీమా పెట్టుకోకండి. మీ 3.60 లక్షల అడ్వాన్సు ఆయన చేతిలో ఉంటుంది, వాదించి గెలవాల్సింది మీరు. ఏళ్ల తరబడి నడిచే కేసు ఖర్చు చిన్న షాపు మోయలేదు.

అందుకే లాకిన్ దగ్గరే గట్టిగా మాట్లాడండి. మీవైపు పద్దెనిమిది నెలలు, మరీ పట్టుబడితే రెండేళ్లు. ఆ పైన మూడు నెలల నోటీసుతో మీరు వెళ్లిపోయే వీలుండాలి. దీంతోపాటు ఇంకో వాక్యం అడగండి: లాకిన్‌లో ఉండగానే అదే అద్దెకు అర్హులైన కొత్త అద్దెదారుని మీరు చూపిస్తే మీ బాధ్యత తీరిపోవాలి. ఇందులో ఓనరుకు పోయేదేమీ లేదు. వ్యాపారాన్ని నడుస్తుండగానే అమ్ముకోవాలన్నా ఇదే దారి. నిజానికి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం, ఒప్పందంలో వద్దని రాయకపోతే, అద్దెదారు లీజును వేరొకరికి బదిలీ చేయవచ్చు. మీ డ్రాఫ్టులో తొమ్మిదో పేరా ఆ హక్కును పూర్తిగా తీసేసింది.

ఇక డ్రాఫ్టు పదకొండో పేరా చూడండి. ‘ఏ కారణమూ చూపకుండా మూడు నెలల నోటీసుతో యజమాని లీజును రద్దు చేయవచ్చు’ అని ఉంది. అంటే ఐదేళ్లు కదలకూడనిది మీరొక్కరే. మీరు 12 లక్షలు పెట్టి షాపు తీర్చిదిద్ది, నాలుగు వీధులవాళ్లకు అలవాటు చేశాక, ఎక్కువ అద్దె ఇచ్చేవాళ్లు వస్తే ఆయన 90 రోజుల్లో ఖాళీ చేయించవచ్చు. ఈ పేరా పోవాలి. అద్దె వరసగా రెండు మూడు నెలలు ఎగ్గొట్టినా, రాసుకున్న షరతు తప్పి, నోటీసిచ్చాక కూడా సరిదిద్దుకోకపోయినా రద్దు చేసే హక్కు ఆయనకు ఉండొచ్చు. అంతకు మించి ఏమీ ఉండకూడదు.

అద్దె పెంపు దగ్గర కూడా ఒక మెలిక ఉంది. మీరు 15 శాతం అని రాశారు. డ్రాఫ్టులో ‘15 శాతం లేదా అప్పటి మార్కెట్ అద్దె, ఏది ఎక్కువైతే అది’ అని ఉంది. ఆ చివరి మాటలు ఉంటే తొమ్మిదేళ్ల లీజుకు అర్థమే లేదు. నాలుగో ఏట ఆయన లక్ష అడిగితే మీరు కాదనలేరు. కొట్టేయించండి.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ సంగతి. ఏడాదికి మించిన ఏ లీజునైనా రిజిస్టర్ చేయించి తీరాలని ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 107, రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 చెబుతున్నాయి. నోటరీ ముద్ర దానికి ప్రత్యామ్నాయం కాదు. సంతకం పెట్టింది ఫలానావారేనని మాత్రమే అది చెబుతుంది. రిజిస్టర్ కాని తొమ్మిదేళ్ల లీజును పట్టుకుని కోర్టుకెళ్తే, తొమ్మిదేళ్ల గడువును రుజువు చేయడానికి ఆ కాగితం పనికిరాదు. మీరు షాపులో ఉన్నారు, నెలనెలా అద్దె కడుతున్నారు కాబట్టి మిమ్మల్ని నెలవారీ అద్దెదారుగా చూస్తారు. 2000లో ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. నెలవారీ అద్దెదారుని ఖాళీ చేయించడానికి ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. తొమ్మిదేళ్లనుకున్నది పదిహేను రోజులకు దిగిపోతుంది.

స్టాంపు డ్యూటీ సమస్య దీనికి వేరే. లీజుకు డ్యూటీ గడువును బట్టి, అద్దెను బట్టి లెక్క కడతారు. 100 రూపాయల కాగితం సరిపోదు. తక్కువ స్టాంపు ఉన్న దస్తావేజును, లోటు డ్యూటీతోపాటు పది రెట్ల దాకా పెనాల్టీ కట్టేవరకు, కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ అద్దె, గడువు చెప్పి ఎంతవుతుందో లెక్క కట్టించుకోండి. విడిగా రాసుకోకపోతే లీజు మీద స్టాంపు ఖర్చు అద్దెదారుదే అవుతుంది, కాబట్టి చెరిసగం అని ముందే మాట్లాడుకోండి. ఆయన ససేమిరా అంటే మొత్తం మీరే పెట్టుకున్నా సరే, 12 లక్షల ఇంటీరియర్‌కి రక్షణ అది.

ఓనరు గారు రిజిస్ట్రేషన్ వద్దని పదకొండు నెలల అగ్రిమెంటుకు దిగొస్తే? చాలా రాష్ట్రాల్లో అది చెల్లుతుంది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం ఏడాది లోపు లీజుకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఎలాగైనా పదకొండు నెలల కాగితం మీద 12 లక్షలు పెట్టకూడదు. ఆ పరిస్థితిలో గోడకు బిగించని ర్యాకులు, విప్పి తీసుకెళ్లగల లైట్లు, మొత్తం మూడు నాలుగు లక్షలు దాటకుండా చూసుకోండి.

ఇప్పుడు అన్నింటికంటే నన్ను కలవరపెట్టిన విషయానికి వస్తాను, అదే బ్యాంకు లోను. మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. కానీ నేనైతే ముందు దాన్నే తేల్చుకుంటాను. బిల్డింగు తాకట్టులో ఉండగా ఓనరు ఇచ్చే లీజులకు ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 65ఏ హద్దులు పెట్టింది. భవనాలకైతే గడువు మూడేళ్లు దాటకూడదు, రెన్యువల్ షరతు ఉండకూడదు, అద్దె ముందుగా తీసుకోకూడదు. చాలా తాకట్టు పత్రాల్లో బ్యాంకులు ఇంకా గట్టిగా, తమ రాతపూర్వక అనుమతి లేకుండా అసలు అద్దెకే ఇవ్వకూడదని రాయించుకుంటాయి. ఓనరు వాయిదాలు ఆపేస్తే బ్యాంకు సర్ఫేసీ చట్టం (బాకీల కోసం తాకట్టు ఆస్తిని బ్యాంకులు నేరుగా స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) కింద బిల్డింగును స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు మీ లీజు నిలుస్తుందా? తాకట్టుకు ముందే రాసినదో, తాకట్టు షరతులకు లోబడి రాసినదో అయితే నిలుస్తుంది. ఏడాదికి మించిన గడువు అడిగే అద్దెదారు రిజిస్టరైన పత్రం చూపాలని కూడా 2014లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీ డ్రాఫ్టు ఇందులో ఏ పరీక్షకూ నిలబడదు. అడ్వాన్సు, ఇంటీరియర్ కలిపి 15.60 లక్షలు ఓనరు అప్పు తీర్చే క్రమశిక్షణ మీద ఆధారపడి ఉంటాయి.

పక్క షాపాయన మాట మీద ఆగకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. పత్రాలు బ్యాంకులో పెట్టి తీసుకునే లోన్లు కొన్నిసార్లు ఈసీలో కనిపించవు, కాబట్టి సెర్సాయ్ అనే తాకట్ల కేంద్ర రిజిస్ట్రీలో కూడా ఆన్‌లైన్‌లో వెతకండి, దానికి ఫీజు నామమాత్రమే. లోను ఉందని తేలితే తొమ్మిదేళ్ల లీజుకు అంగీకరిస్తూ బ్యాంకు ఇచ్చిన ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) ఓనరు గారే తెచ్చివ్వాలి. ఆ లెటర్లో గడువు, అద్దె, అడ్వాన్సు ఎంతో రాసి ఉండాలి. ఊరికే ‘అభ్యంతరం లేదు’ అంటే చాలదు. బిల్డింగు ఉమ్మడి ఆస్తి అయితే వాటాదారులందరి సంతకాలూ ఉండాలి.

బిల్డింగు అమ్మేస్తే భయపడనక్కర్లేదు. రిజిస్టరైన లీజుకు కొన్నవాళ్లు కట్టుబడాల్సిందే. అడ్వాన్సు తిరిగిచ్చే బాధ్యత కొత్త ఓనరుకు కూడా వర్తిస్తుందని ఒక వాక్యం చేర్పించండి, అది లేకనే తగాదాలొస్తాయి.

కరోనా లాంటిది మళ్లీ వస్తే అద్దె ఆగుతుందని చాలామంది అనుకుంటారు. చట్టం అంత ఉదారంగా లేదు. అగ్నిప్రమాదంలోనో వరదలోనో షాపు పూర్తిగా వాడుకోవడానికి వీల్లేకుండా పోతే లీజును వదులుకునే హక్కు అద్దెదారుకు ఉంది. తలుపులు మూసి ఉన్నాయంతే, షాపు చెక్కుచెదరలేదు అంటే ఆ హక్కు రాదు. 2020 మేలో ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని ఒక షాపు విషయంలో ఢిల్లీ హైకోర్టు లాక్‌డౌన్ అద్దె నిలిపివేతకు ఒప్పుకోలేదు. కాబట్టి ప్రభుత్వ ఉత్తర్వుతో షాపు మూయాల్సి వస్తే ఆ రోజులకు అద్దె ఉండదనో, సగమే ఉంటుందనో మీ లీజులోనే రాయించుకోండి.

పన్నుల మాట. ఓనరుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే అద్దె మీద 18 శాతం, అంటే నెలకు 10,800 అదనం. ఆయనకు లేక, మీకు మామూలు రిజిస్ట్రేషన్ ఉంటే 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను మీరే నగదుగా కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి, అంటే అమ్మకాల మీద మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకోవాలి. మీరు కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే ఈ భారం లేదు, కానీ ఓనరు వేసే జీఎస్టీకి క్రెడిట్ కూడా రాదు, అది నేరుగా ఖర్చే. ‘60,000 జీఎస్టీ కాకుండానా, కలిపా’ అన్నది డ్రాఫ్టులో లేదు, రాయించండి. అద్దె నెలకు 50,000 దాటింది కాబట్టి, మీకు ఆదాయపు పన్ను ఆడిట్ వర్తించనంతవరకు 2 శాతం టీడీఎస్ (ఓనరు తరఫున అద్దెలోంచి మినహాయించే ఆదాయపు పన్ను) కూడా మీరు పట్టి కట్టాలి. సంవత్సరానికి 14,400. ఆడిట్ పరిధిలోకి వెళ్తే అది 10 శాతం.

మీ 28 లక్షల పంపకం కూడా మార్చాలి. అడ్వాన్సు, ఇంటీరియర్, సరుకు కలిపి 23.60 లక్షలు పోతే మిగిలేది 4.40 లక్షలు. అందులోంచే ఇంటి ఖర్చు, కరెంటు, జీతాలు, అద్దె. బట్టల షాపు మొదటి నెలల్లో అద్దె కూడా సంపాదించకపోవచ్చు. ఇంటీరియర్‌ను 8 లక్షలకు దించండి. ఆ మిగిలిన నాలుగు లక్షల్లోంచి ఆరు నెలల అద్దె 3.60 లక్షలు వేరే ఖాతాలో పెట్టి ముట్టుకోకండి. ఇంకో పని, పనివాళ్లు లోపల ఉండే 45 రోజులకు అద్దె లేకుండా అడగండి. తాళం చేతికిచ్చే తేదీ వేరు, అద్దె మొదలయ్యే తేదీ వేరు అని లీజులో కనిపించాలి. అడ్వాన్సును ఆరు నుంచి నాలుగు నెలలకు తగ్గించమని కూడా అడగండి. 3.60 లక్షలు 7 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 25,200 వస్తుంది, అంటే వడ్డీ రాని ఆ అడ్వాన్సు వల్ల మీ అసలు అద్దె నెలకు 62,100. మీవారిని గ్యారంటీదారుగా సంతకం పెట్టమని పదమూడో పేరాలో ఉంది. అది ఒప్పుకోకండి. షాపు కష్టం ఇంటిదాకా రాకూడదు.

ఖాళీ చేసేటప్పుడు ఏసీలు, ర్యాకులు, లైట్లు మీవే. షాపును తీసుకున్నప్పటి స్థితిలో అప్పగిస్తే వాటిని తీసుకెళ్లే హక్కు చట్టం ఇచ్చింది. డ్రాఫ్టు మాత్రం ‘బిగించినవన్నీ యజమానివే’ అంటోంది. ఏవి మీవో జాబితా రాసి లీజుకు జతచేయండి, తాళం తీసుకున్న రోజే గోడలు, ఫ్లోరింగు, షట్టరు ఫొటోలు తీసి ఇద్దరూ సంతకం చేయండి. బిల్డింగు ప్లాను కమర్షియల్‌గా మంజూరైందా, ట్రేడ్ లైసెన్సు వస్తుందా అన్నది కూడా సంతకానికి ముందే మున్సిపల్ ఆఫీసులో అడగండి.

ఇచ్చిన 50,000కు రసీదు ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ వారంలోనే ఓనరు గారికి వాట్సాప్‌లోనైనా ఒక మెసేజ్ పంపండి: టోకెన్ ఏ తేదీన ఇచ్చారో, బ్యాంకు ఎన్ఓసీ వచ్చి లీజు రిజిస్టరైతే అడ్వాన్సులో కలపాలని, 30 రోజుల్లో అలా జరగకపోతే తిరిగి ఇవ్వాలని రాయండి. ఆయన ‘సరే’ అని జవాబిస్తే దాన్ని భద్రపరచండి. జవాబు రాకపోతే ఆ 50,000 మీద ఆశ తగ్గించుకోండి. దాన్ని కాపాడుకోవడం కోసం మిగిలిన 27.50 లక్షలను ఈ డ్రాఫ్టు కింద పెట్టకండి.