స్ప్రింగుల కన్నా ముందు రేడియేటర్ సంగతి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ కారుకు కొత్త షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు నువ్వే బిగించుకోబోతున్నావని మీ నాన్న చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల పానా పట్టుకుంటోందంటే నాకెంతో గర్వంగా ఉంది తల్లీ. అయితే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కుతోందనీ, వారం వారం కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) పోస్తున్నావనీ కూడా అన్నాడు. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

షాక్ అబ్జార్బర్లు జతగా మార్చు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు. స్ప్రింగును అదిమిపట్టే పనిముట్టు, అదే కంప్రెసర్, గట్టిగా పట్టిందని రెండుసార్లు చూసుకోనిదే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) పైనట్టు ముట్టుకోవద్దు. బండి బరువు చక్రాల మీద ఆనిన తరువాతే బుష్‌ల (కీళ్లలోని రబ్బరు తొడుగుల) బోల్టులను పూర్తిగా బిగించు, లేకపోతే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. చివర చక్రాల కోణాలు సరిచేసే వీల్ అలైన్‌మెంట్ చేయించు.

ఇక నా తప్పు సంగతి. నీ వయసులో నా దగ్గర ఒక్క పనికి సరిపడా డబ్బే ఉండేది. కారుతున్న రేడియేటర్‌ను అలాగే వదిలేసి స్ప్రింగులు వేయించుకున్నాను. మీ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీతను తాకింది, కాసేపటికి తనంతట తానే కిందికి దిగింది. చల్లబడిందనుకుని సంబరపడి, ఆపకుండా నడిపాను. నిజానికి కూలెంట్ చాలావరకు పోయి, వేడిని కొలిచే సెన్సర్ వట్టి గాలిలో మిగిలింది, కొలవడానికి ద్రవమే లేక ముల్లు పడిపోయింది. కొంత దూరం పోయాక ఇంజన్ టకటకమని ఆగిపోయింది. ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగి, దాని కింద కూలెంట్ కారకుండా ఆపే గాస్కెట్ కాలిపోయింది.

అంతటితో పోలేదు. తడిగుడ్డ పట్టుకుని మీ నాన్న రేడియేటర్ మూత తిప్పబోతే నేను వద్దనలేదు. సగం నీళ్లు కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, మూత 1 బార్ ఒత్తిడితో అదిమిపెడితే 129 దాకా మరగకుండా ఉంటుంది. మూత వదులైన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, అడుగున మిగిలినది ఒక్కసారిగా మరిగి ఆవిరితో పాటు పైకి ఎగజిమ్మింది. చిన్నప్పుడు నువ్వు వేలితో తడుముతూ అడిగేదానివే, మీ నాన్న మోచేతి మచ్చ, అది అప్పటిది. నా వల్ల అయిందని వాడు ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

అందుకే వారం వారం కూలెంట్ పోసి ఊరుకోవడం నాకు కోపం తెప్పిస్తోంది. పోసినది ఎటు పోతోందో వెతకవద్దా? ఇంజన్ పూర్తిగా చల్లారాక గొట్టాల కొసలు, వాటర్ పంపు కింద ఎండిన మరకలు చూడు. పొగగొట్టంలో తీపివాసన తెల్లపొగ వస్తుంటే గాస్కెట్‌ను అనుమానించు. ఇంజన్ నడుస్తూ బండి ఆగి ఉన్నప్పుడు మాత్రమే వేడెక్కితే ముందు ఫ్యాన్ చూడమనేవాణ్ణి. నీది ఎత్తులో వేడెక్కుతోంది కనుక రేడియేటర్ పూడుకుందేమో, కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ సరిగా తెరుచుకోవడం లేదేమో చూపించు. కొత్త కూలెంట్ నింపాక లోపలి గాలి పూర్తిగా పోయేదాకా ఓపికపట్టు.

దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడికి తిప్పి, పక్కకు తీసి ఇంజన్ ఆపెయ్యి. ఆపిన తరువాత కూడా ఫ్యాన్ తిరగవచ్చు, వేళ్లు దూరంగా ఉంచు. రేడియేటర్ పైగొట్టం చేతికి చల్లగా, మెత్తగా తగిలేదాకా మూత జోలికి పోవద్దు, ఎంత ఆలస్యమైనా సరే.

కూలెంట్ తగ్గడం ఆగిన తరువాత కబురు చెయ్యి. బోల్టు ఎంత బిగించాలో కొలిచి చూపే టార్క్ రెంచ్ తీసుకుని నేనే వస్తాను, స్ప్రింగులు ఇద్దరం కలిసి బిగిద్దాం.

ఇట్లు,
నీ పెదనాన్న