ఆపానన్నాను, నేరం ఒప్పుకున్నట్టు రాసుకున్నారు

ప్రశ్న: మందుల షాపు ముందు స్కూటర్ ఆపి పది నిమిషాల్లో తిరిగొచ్చేసరికి పార్కింగ్ చలానా రాశారు. అక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు. ఫోటోలు తీసుకుని కోర్టుకు వెళ్లాను. పేరు పిలిచి "బండి అక్కడ ఆపావా?" అన్నారు. "ఆపానండి, కానీ..." అనేలోపే తర్వాతి పేరు పిలిచేశారు. ఇది రెండో తప్పని 1500 రూపాయలు జరిమానా వేశారు. నాది సెకండ్ హ్యాండ్ బండి, ఆ పాత చలానా నేను కొనక ముందుది. డబ్బు కట్టేశాను. ఇప్పుడేమైనా చేయొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: చేయొచ్చమ్మా. జరిమానా కట్టేసినంత మాత్రాన దారి మూసుకుపోదు. కాకపోతే ఆ ఫోటోల మీద మరీ ఆశ పెట్టుకోకండి. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్‌కు బోర్డుతో పని లేదు. బండి నలుగురికీ అడ్డంగా ఉందా లేదా అన్నదే చూస్తారు. మందుల షాపు ముందు సందు ఎంత ఉంటుందో మనకు తెలియనిది కాదు.

మీ అసలు బలం ఆ 1500లో ఉంది. 177వ సెక్షన్ ప్రకారం మొదటిసారి 500 దాకా, మళ్లీ చేస్తేనే 1500 దాకా వేస్తారు. పాత యజమాని చేసింది మీ ఖాతాలో ఎలా రాస్తారు? నేరం ఒప్పుకున్నవాళ్లకు మామూలుగా అప్పీలు ఉండదు కానీ, శిక్ష చట్టప్రకారం ఉందా, ఎక్కువైందా అన్నంతవరకు సెషన్స్ కోర్టుకు వెళ్లొచ్చు. గడువు 30 రోజులు. ముందు తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. కాపీ ఇవ్వడానికి పట్టిన రోజుల్ని గడువులో లెక్కించరు.

ఇక "ఆపానండి" సంగతి. ఆపానని చెప్పడం వేరు, నేరం ఒప్పుకోవడం వేరు. ఒప్పుకోలును నిందితుడు అన్న మాటల్లోనే, వీలైనంత దగ్గరగా రాసుకోవాలని నేర విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 275వ సెక్షన్ చెబుతోంది. మీ "కానీ" ఆ రికార్డులో ఉందా? హడావిడిలో ముందుగా ఎగిరిపోయేది ఆ మాటే, నేను చాలాసార్లు చూశాను. లేకపోతే దాని మీద రివిజన్ (కింది కోర్టు చేసింది సరిగ్గా ఉందో లేదో చూడమని పైకోర్టును అడగడం) వేయొచ్చు, గడువు 90 రోజులు. అప్పీలుతో ఇది ఎలా కలుస్తుందో వకీలు చూసుకుంటారు.

ఒక్కటి సరిచూసుకోండి. మీ కాగితం మీద లోక్ అదాలత్ అని ఉంటే ఇదంతా వర్తించదు, అక్కడి అవార్డుపై, అంటే తీర్పుపై, అప్పీలు లేదు.

వకీలు ఫీజు జరిమానాను మించిపోతుందని మీకు టెన్షన్ ఉండొచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సాయం ఉంది. వెళ్లేటప్పుడు చలానాతో పాటు, బండి ఏ తేదీన మీ పేరుకు మారిందో చూపే ఆర్టీఓ కాగితం కూడా పట్టుకెళ్లండి.