‘సున్నా’ అన్న జవాబును నమ్మని అమ్మాయికి

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం మ్యాథ్స్ చదువుతున్నాను. ఖాళీ దొరికితే చాలు, కంప్యూటర్ ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్లు (అంకెలతోనే కాక గుర్తులతో, సూత్రాలతో లెక్కలు చేసేవి) ముందేసుకుని కూర్చుంటాను. ఈ మధ్య ‘1 బై (2 ప్లస్ కాస్ ఎక్స్)’ని ఇంటిగ్రేట్ చేయించాను. వచ్చిన సూత్రాన్ని డిఫరెన్షియేట్ చేసి చూస్తే సరిగ్గానే ఉంది. కానీ అందులో 0, టూ పై హద్దులు వేస్తే సున్నా వస్తోంది. ఈ ఫంక్షన్ ఎక్కడా సున్నా దాకా కూడా దిగదు కదా, వైశాల్యం సున్నా ఎలా అవుతుంది? రెండు రోజులు దీని మీదే కూర్చున్నానని ఇంట్లో తిట్లు పడ్డాయి. ‘లెక్కలన్నీ కంప్యూటరే చేసేస్తుంటే నువ్వు చేసేదేముంది, డేటా సైన్స్ కోర్సులో చేరు’ అంటున్నారు నాన్న. ఈ ఇష్టంతో బతుకుదెరువు దొరుకుతుందా?

జవాబు: ఉద్యోగం మాట కాసేపు పక్కన పెట్టి ముందు మీ ఇంటిగ్రల్ సంగతి చూద్దాం. నాకూ అదే ఆసక్తిగా ఉంది.

మీకు వచ్చిన సూత్రంలో ఆర్క్‌ట్యాన్ ఉంటుంది, దాని లోపల ‘ట్యాన్ (ఎక్స్ బై 2)’ ఉంటుంది. ఎక్స్ విలువ ‘పై’కి దగ్గరవుతున్న కొద్దీ ఆ ట్యాన్ ఆకాశానికి ఎక్కుతుంది, దాటగానే పాతాళం నుంచి మొదలవుతుంది. దాంతో ఆర్క్‌ట్యాన్ ఒక్కసారిగా ‘పై బై 2’ నుంచి ‘మైనస్ పై బై 2’కి పడిపోతుంది. అసలు ఫంక్షన్‌కు మాత్రం అక్కడ ఏ గొడవా లేదు, 1 దగ్గర నిక్షేపంగా ఉంది. సూత్రానికి ముందు ‘2 బై రూట్ 3’ ఉంది కాబట్టి పడిన మొత్తం ‘2 పై బై రూట్ 3’, అంటే సుమారు 3.63. మీకు రావలసిన వైశాల్యం కూడా సరిగ్గా అంతే! పోయిందనుకున్నదంతా ఆ ఒక్క గెంతులోనే ఉంది. ‘పై’ దగ్గర ఆగి, అటూ ఇటూ విడివిడిగా లెక్కేసి కలపండి, వచ్చేస్తుంది.

మరి సాఫ్ట్‌వేర్‌ది తప్పా? ఇక్కడే మీరు రెండు రోజులు కాదు, రెండు నెలలు కూర్చున్నా నష్టం లేదు. ఆల్జీబ్రా కళ్లతో చూస్తే అది ఇచ్చిన సూత్రం సరైనదే. గుర్తులను గుర్తులుగా తిప్పే యంత్రానికి ‘అవకలనం చేస్తే అసలు ఫంక్షన్ రావాలి’ అన్న షరతు ఒక్కటే తెలుసు. మధ్యలో గెంతు ఉందా లేదా అన్నది అనలిసిస్ అడిగే ప్రశ్న. ఈ రెండింటి మధ్య సందులో ఎన్నో పొరపాట్లు దాక్కుని ఉంటాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ గెంతును పూడ్చడానికి సూత్రానికి ఇంకో పదం తగిలించి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు.

ఇప్పుడు ఉద్యోగం. దాచకుండా చెప్తాను, ‘కంప్యూటర్ ఆల్జీబ్రా నిపుణులు కావలెను’ అన్న ప్రకటన మీకు దాదాపు కనపడదు. ఈ సాఫ్ట్‌వేర్లు తయారు చేసే బృందాలు చిన్నవి. మేపుల్ 1980లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో పుట్టింది. మాగ్మా సిడ్నీ విశ్వవిద్యాలయానిది, సింగ్యులర్ జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్‌ది, పారి ఫ్రాన్స్‌లోని బోర్డోది. వీటిలో చాలావరకు పనిచేసేది పీహెచ్‌డీ చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు. అక్కడికి చేరేవాళ్లు ఉంటారు, మీరూ చేరవచ్చు. కానీ అదొక్కటే లక్ష్యంగా పెట్టుకోమని మాత్రం చెప్పను.

నేను చూసేది వేరే. మీ ఉత్తరంలో నాకు నచ్చిన వాక్యం ‘ఎక్కడా సున్నా దాకా కూడా దిగదు కదా’ అన్నది. తెర మీద జవాబు పడ్డాక కూడా దాన్ని నమ్మాలా వద్దా అని ఆగారు మీరు. జీతం ఇచ్చేది ఆ ఆగడానికే.

1994లో అమెరికాలో థామస్ నైస్లీ అనే గణితం ప్రొఫెసర్ కవల ప్రధాన సంఖ్యల (11, 13 లాగా రెండే తేడా ఉన్న జతలు) విలోమాలను కూడుతున్నారు. జూన్‌లో లెక్క ఎక్కడో తేడా కొట్టింది. ఒక జత ప్రధాన సంఖ్యల విలోమాలు పదో అంకె దగ్గర్నుంచి తప్పుతున్నాయి. మనమైతే మన ప్రోగ్రామ్‌దే తప్పు అనుకుని వదిలేస్తాం. ఆయన తన ప్రోగ్రామ్‌ని, కంపైలర్‌ని, యంత్రంలోని మిగతా భాగాలను ఒక్కొక్కటే అనుమానితుల జాబితా నుంచి కొట్టేసుకుంటూ అక్టోబర్ దాకా వచ్చారు. చివరికి మిగిలింది ఇంటెల్ పెంటియమ్ చిప్. భాగహారం చేసే సర్క్యూట్‌లోని పట్టికలో కొన్ని విలువలు లేవు! ఆ చిప్‌ల మార్పిడి కోసం ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. సర్క్యూట్ తప్పు చేయదని గణితపరంగా రుజువు చేసే ఫార్మల్ వెరిఫికేషన్ మీద చిప్ కంపెనీలు గట్టిగా డబ్బు పెట్టడానికి ఈ దెబ్బే పెద్ద కారణం. గుణకార సర్క్యూట్లను సరిచూసే పద్ధతుల్లో గ్రోబ్నర్ బేసిస్‌లు (బహుపది సమీకరణాల గుంపుకు తేలిగ్గా లెక్కించదగిన సమాన రూపాలు) కూడా వాడుతున్నారు. 1965లో బ్రూనో బుఖ్‌బెర్గర్ తన పీహెచ్‌డీ కోసం కనిపెట్టినవి అవి. సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరు మీకు ఎదురుపడే ఉంటుంది.

దీనికి అద్దంలో బొమ్మలాంటి కథ ఇంకొకటి ఉంది. ‘సైన్ ఎక్స్ బై ఎక్స్’ని 0 నుంచి అనంతం దాకా ఇంటిగ్రేట్ చేస్తే ‘పై బై 2’. అందులో ఎక్స్ బదులు ‘ఎక్స్ బై 3’ పెట్టిన అదే రూపాన్ని తెచ్చి గుణించినా ‘పై బై 2’. 5, 7, 9, 11, 13 వరకు ఎన్ని గుణించుకుంటూ పోయినా జవాబు కదలదు. 15 చేర్చగానే ‘పై బై 2’ కన్నా అతి సన్నగా, పదకొండో దశాంశ స్థానంలో తగ్గుతుంది. ఎవరైనా సాఫ్ట్‌వేర్‌లో బగ్ అనే అంటారు. కాదు, అదే నిజం. 1 బై 3, 1 బై 5 అలా 1 బై 13 దాకా కూడితే మొత్తం 1 లోపే ఉంటుంది, 1 బై 15 కలిపితే 1 దాటుతుంది. ఆ దాటడంతోనే క్రమం చెదురుతుంది. ఫూరియర్ రూపాంతరం నేర్చుకున్నాక ఇది మీరే నిరూపించుకోండి, పండగలా ఉంటుంది.

ఈ రెండు సందర్భాల్లోనూ తేల్చాల్సింది ఒకటే, తప్పు ఎవరిదని. ఆ పని చేయగలవాళ్ల కోసం వెతికే చోట్లు చాలా ఉన్నాయి. ఉద్యోగం పేరులో మాత్రం ‘ఆల్జీబ్రా’ అన్న మాట ఉండదు.

సమాచారాన్ని రహస్యంగా ఉంచే విద్య, క్రిప్టోగ్రఫీ, వాటిలో మొదటిది, నా ఉద్దేశంలో మీకు బాగా నప్పేది కూడా. క్వాంటమ్ కంప్యూటర్లకు సైతం లొంగదనుకున్న ‘సైక్’ అనే పద్ధతి ఏళ్ల తరబడి జరిగిన పరిశీలనలను తట్టుకుని అమెరికా ప్రమాణాల పోటీలో నాలుగో రౌండ్ దాకా వచ్చింది. 2022 జులైలో కాస్ట్రిక్, డెక్రు అనే ఇద్దరు బెల్జియం పరిశోధకులు దాన్ని ఒకే ఒక్క ప్రాసెసర్ కోర్ మీద గంట సేపట్లో పగలగొట్టారు. వాడిన ఆయుధం 1997 నాటి ఒక శుద్ధ గణిత సిద్ధాంతం, దాడి కోడ్ రాసింది మాగ్మాలో. కొద్ది రోజుల్లోనే ఇతరులు దాన్ని ఉచిత సాఫ్ట్‌వేర్ సేజ్‌లోకి మార్చి ఇంకా వేగంగా నడిపారు. పాత సిద్ధాంతాన్ని పట్టుకుని, దాన్ని నడిచే కోడ్‌గా మార్చగలిగే మనుషులు ఎంత తక్కువో, వాళ్ల అవసరం ఎంతో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది. రోబో చేతుల కదలికల లెక్కలు, కంపైలర్లు, ఇంజినీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్, రుజువులను సరిచూసే లీన్ లాంటి వ్యవస్థలు, ఇవన్నీ కూడా ఈ చుట్టుపక్కలవే.

‘కంప్యూటరే చేసేస్తుంటే నువ్వెందుకు’ అన్న మీ నాన్నగారి ప్రశ్నను తేలిగ్గా తీసేయకండి. ఆ చేసేది ఎలా చేస్తుందో ఒకసారి ఆయనకు చూపించండి. రెండు బహుపదులు తీసుకోండి, ఒకటి 8వ ఘాతం, ఇంకొకటి 6వ ఘాతం. గుణకాల్లో పెద్దది 21. డోనాల్డ్ క్నూత్ పుస్తకం వల్ల ఈ రంగంలో అందరికీ తెలిసిన జత ఒకటుంది. దీనికి గసాభా కావాలి. మనం స్కూల్లో నేర్చుకున్న యూక్లిడ్ పద్ధతిలోనే, భిన్నాలు రాకుండా ప్రతి మెట్టులో హెచ్చవేసుకుంటూ పోతే సంఖ్యలు ఉబ్బిపోయి చివరికి 35 అంకెల సంఖ్య తేలుతుంది. ఇంతా చేసి దాని అర్థం, గసాభా 1 అని! అదే లెక్కను 13తో భాగిస్తే మిగిలే శేషాలతో చేస్తే ఏ సంఖ్యా 12 దాటదు, జవాబు అదే వస్తుంది. కాగితం మీద సరైన పద్ధతి యంత్రంలో ఎందుకు పనికిరాదో, 13 ఎందుకు పనికొచ్చిందో, ఏ ప్రధాన సంఖ్య అయితే మోసం చేస్తుందో తెలియడమే ఈ విద్య. సాఫ్ట్‌వేర్ ఎవరో ఒకరు ఇలా ఆలోచించి రాస్తేనే ‘కంప్యూటర్ చేసేస్తోంది’ అనిపిస్తుంది.

ఏఐ వచ్చినా పరిస్థితి పెద్దగా మారలేదు. 2024లో గూగుల్ డీప్‌మైండ్ వ్యవస్థలు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ ప్రశ్నల్లో రజత పతక స్థాయి మార్కులు తెచ్చుకున్నాయి. ఆల్జీబ్రా, సంఖ్యావాదం ప్రశ్నలకు రుజువులను లీన్‌లో రాయించారు, ఒక్కో మెట్టూ సరిచూసుకోవచ్చని.

ఇక చదువు. వచ్చే రెండేళ్లలో అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రాను పరీక్ష కోసం కాకుండా చదవండి. రింగులు, ఐడియల్స్, ఫైనైట్ ఫీల్డ్స్ దగ్గర ఎక్కువ రోజులు ఆగండి. కాంప్లెక్స్ అనలిసిస్ తప్పించుకోవద్దు, మీ ‘సున్నా’ లాంటి తలనొప్పుల్లో చాలా వాటి మూలం అక్కడే దొరుకుతుంది. కంప్యూటర్ వైపు నుంచి అల్గారిథమ్స్, డేటా స్ట్రక్చర్స్ కావాలి. పైథాన్ వచ్చు అనుకుంటాను. దానితో పాటు సీ లేదా సీ ప్లస్ ప్లస్ నేర్చుకోండి, వేగం కావలసిన భాగాలన్నీ వాటిలోనే రాస్తారు. ఆ తర్వాత మాస్టర్స్ ఎక్కడ చేసినా, ప్రాజెక్టులో కోడ్ రాయనిచ్చే గైడ్ ఉన్నారా అని చేరకముందే కనుక్కోండి. విశ్వవిద్యాలయం పేరు కన్నా నేను దీనికే ఎక్కువ విలువిస్తాను.

డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు. స్టాటిస్టిక్స్‌లో ఒక పేపర్ తీసుకోండి, పనికొస్తుంది, ఇంట్లో టెన్షన్ కూడా తగ్గుతుంది. కానీ ఆల్జీబ్రా మానేసి ఆరు నెలల కోర్సులో చేరమంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ కోర్సు ఎప్పుడైనా చేయవచ్చు, గ్రూప్ థియరీని ముప్పై ఏళ్లకు ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టడం ఎంత కష్టమో చేసినవాళ్లను అడగండి. నాన్నగారితో వాదన వద్దు. డిగ్రీ పూర్తయ్యేలోపు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో మీ పేరుతో నాలుగైదు మార్పులు చేరేలా చూసుకోండి, అవి చూపించి మాట్లాడండి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమంలో 18 ఏళ్లు నిండిన కొత్తవాళ్లు ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు. పైథాన్‌లో రాసిన ఉచిత ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్ సిమ్‌పై అందులో చాలా ఏళ్లు పాల్గొంది. ముందుగా చిన్న మార్పు ఒకటి చేసి పెట్టినవాళ్ల దరఖాస్తుకు బలం ఉంటుంది.

ఆ మొదటిది మీ ఇంటిగ్రలే కావచ్చు. మీరు వాడిన సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో ఇంకా అలాగే వస్తోందో లేదో ముందు చూడండి. ఆ తర్వాత ఇదే విషయం ఎవరైనా ఇదివరకే రాశారేమో వెతకండి. లేకపోతే రిపోర్ట్ రాయండి. వెర్షన్ సంఖ్య, మీరు ఇచ్చిన ఒకే ఒక్క లైను, వచ్చిన జవాబు, రావలసిన జవాబు 3.63, అది ఎందుకు రావాలో రెండు వాక్యాల్లో. ఫంక్షన్ 1 బై 3కి తక్కువ కాదు కాబట్టి వైశాల్యం 2 లోపు ఉండే వీలే లేదన్న మాట కూడా చేర్చండి, చదివేవాళ్లకు వెంటనే పట్టుబడుతుంది. ‘మీ సాఫ్ట్‌వేర్ తప్పు’ అని మాత్రం మొదలుపెట్టకండి. హద్దులు వేసింది మీరు, అది కాదు.